మోకాలి మీద చెయ్యి

ఆ ఇంట్లో నా ఉద్యోగం ఒక్కటే. ముసలివాళ్లను కింద పడనివ్వకూడదు. వండటానికి వంటామె ఉంది, మందులు రాయటానికి వారానికోసారి డాక్టరు వచ్చేవాడు, పెత్తనం చేయటానికి కమిటీ పెద్దసారు ఉండనే ఉన్నాడు. పడకుండా చూడటం మాత్రం నా పని. ఇదీ ఒక పనేనా అనుకుంటారు. మా అమ్మ కూడా అట్లాగే అనుకుంది. కోరుట్లలో ఇంటి ముందు కూర్చుని బీడీలు చుడుతూ నవ్వింది. "పడకుంట సూసుడు గూడ ఒక నౌకరేనా? పడెటోడు నిన్నడిగి పడ్తడా?" అంది. నేను రోజూ పొద్దున బస్సెక్కి జగిత్యాల పోయి, వెలుగు ఉండగానే తిరిగి వచ్చేదాన్ని. నక్సలైట్ల కాలం అది. ఊళ్లలో అన్నలు తిరిగేవాళ్లు, వాళ్లను వెతుక్కుంటూ పోలీసులు తిరిగేవాళ్లు, పొద్దుగూకితే బస్సు దొరకటం కష్టమయ్యేది.

ఆ వృద్ధాశ్రమానికి ఒక నియమం ఉండేది. మంచం పట్టినవాళ్లను ఉంచుకోరు. తన కాళ్లతో తాను స్నానాల గదికి పోయి రాగలిగినన్నాళ్లే అక్కడ చోటు. తుంటి విరిగితే బట్టలు మూట కట్టి, వచ్చిన చోటికి పంపించటమే. వచ్చిన చోట దిక్కుంటే వాళ్లు ఇక్కడికి ఎందుకు వస్తారు? ఈ సంగతి కమిటీలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినా నోరు మెదపలేదు. అట్లా పోయినవాళ్లలో మళ్లీ ఏ ఒక్కరి మంచి కబురూ మాకు రాలేదు. అక్కడున్న పద్నాలుగు మంది ముసలివాళ్ల తుంటి ఎముకలూ నా చేతుల్లో పెట్టి పెద్దసారు హాయిగా ఉన్నాడు.

నేను ఆ పనిలో ఆరితేరాను. గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత గర్వపడటానికి ఏమీ మిగల్లేదు. స్నానాల గదిలో షాబాద్ బండలు సబ్బు నీళ్లకు జారుతుంటే గోనె సంచులు పరిచాను. నులక మంచాలు మరీ కిందికి ఉండి లేవలేకపోతుంటే కోళ్ల కింద ఇటుకలు పెట్టించాను. మసక కళ్లకు కూడా కనబడాలని గడపలకు సున్నం కొట్టాను. పసుపు పూసే గడపకు సున్నమేందని ఒక ముసలమ్మ నెల రోజులు నా మొహం చూడలేదు. ధోవతి అంచులు కాళ్లకు చుట్టుకోకుండా పైకి ఎగగట్టించాను. గోళ్లు పెరిగి అడుగు తప్పుతుంటే వారం వారం నేనే కత్తిరించాను. నిద్ర లేవగానే నడవొద్దు, మంచం మీదే కూర్చుని పది లెక్కపెట్టాకే కాలు కింద మోపాలి అని నేర్పాను. లెక్క రానివాళ్లను కన్నపిల్లల పేర్లు రెండుసార్లు తలుచుకోమన్నాను. కొందరు ఆ పేర్లు తలుచుకుంటూ ఏడ్చేవాళ్లు. ఏడ్చినా కూర్చునే ఉండేవాళ్లు, నాకు కావలసింది అదే.

వరండా పొడుగునా పట్టుకుని నడవటానికి తాడు కావాలని ఒకసారి సిరిసిల్ల పోయాను. మా మేనమామ అక్కడ మరమగ్గాలు నడిపేవాడు. నూలు తాడైతే ముసలి చేతులకు కోసుకోదని, పనికిరాని నూలంతా పేనించి బొటనవేలంత లావు తాడు చేయించి ఇచ్చాడు. తిరిగి వస్తుంటే దారిలో పోలీసులు బస్సు ఆపారు. నా సంచి తిరగేసి తాడంతా రోడ్డు మీద పరిచారు.

"గింత తాడెందుకు? ఎవన్ని కట్టేస్తవ్?" అన్నాడు ఒకతను.

"కట్టేయనీకి కాద్సార్. ముసలోల్లు పట్టుకొని నడువనీకి."

"ముసలోల్లకా? అన్నలకా?"

"అన్నలు ఉరుకుతరు గద సార్, ఆల్లకు తాడెందుకు?" అన్నాను. నాకు నోటి దూల ఎక్కువ. దానికి గంటసేపు ఎండలో నిలబెట్టారు. బస్సులో ఉన్న జనమంతా కిటికీల్లోంచి నన్ను చూస్తూ కూర్చున్నారు. నేను నోరు మూసుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను. చేతులు కట్టుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

తాడు కట్టాక రెండేళ్లు మా ఆశ్రమంలో ఒక్కరు కూడా పడలేదు. ఆ రెండేళ్లలోనే వచ్చాడు తాత. కథలాపూర్ దగ్గరి ఒక పల్లె ఆయనది. జీవితమంతా ఆ ఊరి దొర దగ్గర జీతానికి ఉన్నాడు. భార్య పోయాక గుడిసె కూలిపోతే, ఆ ఊళ్లో పనిచేసే మాస్టారు తీసుకొచ్చి మా దగ్గర చేర్పించాడు. ఎల్లారెడ్డిపేటలో ఒక అన్నకొడుకు తప్ప ఆయనకు ఎవరూ లేరు. కళ్లకు పొర కమ్మి మనుషులు నీడల్లా కనబడేవాళ్లు. కుడి మోకాలు వంకరగా అతికింది. అయినా నా తాడు పట్టుకుని వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. "మంచిగున్నది బిడ్డా నీ తాడు. ఎడ్లకు కట్టే తాడు గింత మెత్తగుంటే అవిగూడ దీవిస్తుండె" అనేవాడు. నాకు ఆయనంటే ప్రాణం. మిగతావాళ్లకు పని కోసం చేసేదాన్ని, ఆయనకు ఇష్టంతో చేసేదాన్ని.

ఆ మరుసటి ఎండాకాలంలో అదే ఊరి దొర మా ఆశ్రమానికి వచ్చాడు. ఊళ్లో అన్నల సంఘం మీటింగులు మొదలయ్యాక ఆయన కోటలాంటి తన గడికి తాళం వేసి జగిత్యాలలో ఇల్లు తీసుకుని ఉన్నాడట. ముసలితనంలో చూసేవాళ్లు లేక, కొడుకులు మా ఆశ్రమానికి బోరు వేయించి ఇచ్చి చివరి గదిలో దింపిపోయారు. బోరు నీళ్లు తాగుతున్నాం కాబట్టి పెద్దసారు దొర ముందు సగం వంగే మాట్లాడేవాడు. దొర కాళ్లకు తోలు చెప్పులు, అడుగు తీసి అడుగేస్తే కిర్రు కిర్రుమనేవి. అందరికీ ఇచ్చినట్టే ఆయనకూ జారని రబ్బరు చెప్పులు ఇచ్చాను. వాటిని కాలితో మంచం కిందికి నెట్టాడు.

మొదటి రోజు మధ్యాహ్నం తాత వరండా బెంచీ మీద అన్నం తింటున్నాడు. చివరి గదిలోంచి కిర్రుమని చప్పుడు వచ్చింది. తాత కంచం పక్కన పెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాల లాగి చంకలో పెట్టుకుని, ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కకు ఒరిగాడు. నేను దగ్గరే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను. దొర ఇటు చూడలేదు. వరండా చివరిదాకా నడిచి, తిరిగి గదిలోకి పోయాడు.

"ఏంది తాతా, కిందవడి సస్తవా?" అని అరిచాను.

"దొర అచ్చిండు గద బిడ్డా."

"అస్తే? గిది నీ ఊరా? ఆయన గడా? నువ్వు తినే బువ్వ ఆయన పెడ్తుండా?"

"లేదు."

"మరెందుకు లేస్తివి?"

తాత మోకాళ్లు తడుముకున్నాడు. "నేను లెవ్వలే బిడ్డా. కాళ్లే లేసినయ్" అన్నాడు.

ముసలివాళ్లు ఒక్కసారిగా లేస్తే నెత్తురు తలకు అందదని, కళ్లకు చీకట్లు కమ్ముతాయని డాక్టరు చెప్పాడు. మెల్లగా లేవమని చెప్పమన్నాడు. దొర ముందు మెల్లగా లేవటం ఎట్లాగో ఆయన గారికి ఎవరు చెప్పాలి? రోజులు గడిచేకొద్దీ దొర వరండాలో తిరగటం ఎక్కువైంది. మొదట పొద్దునా సాయంత్రమూ తిరిగేవాడు. తర్వాత పూటకు మూడుసార్లు వచ్చాడు. అవతల పెరట్లో వేపచెట్టు నీడ ఉంది, చల్లగాలి ఉంది, అటు పోడు. తాత కూర్చున్న బెంచీ ముందే ఆయన నడక. గడి పోయింది, పొలాలు పడావు పడి బీడయ్యాయి, ఊరు చేజారింది. ఆయనను చూసి లేచి నిలబడే మనిషి ఈ భూమ్మీద ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడిని రోజుకు ఆరుసార్లు లేపి చూసుకునేవాడు. అది నాకు అర్థమైన రోజు ఒళ్లు మండిపోయింది.

తాత మోకాలికి నూనె రాస్తూ, ఆ మోకాలు ఎట్లా వంకరపోయిందో ఒకనాడు అడిగాను. చెప్పాడు. ఊళ్లో అన్నలు మీటింగు పెట్టి, ఇకమీదట దొరను చూసి ఎవరూ లేవొద్దు, చెప్పులు విడవొద్దు అన్నారట. దొర గడి ముందున్న అరుగు మీద అందరికంటే ముందు తాతను కూర్చోమన్నారట.

"కూసున్న బిడ్డా. ఎన్నడు కూసోలే గద, మెత్తగుంటదనుకున్న. ఏం లేదు, బండనే."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

"వారం దినాలకు పోలీసోల్లు అచ్చిన్రు. అరుగు మీద కూసున్నదెవడ్రా అన్నరు. నేనే అన్న. అబద్ధమాడుడు నాకు తెల్వకపాయె. గప్పుడు ఇరగ్గొట్టిన్రు. అన్నలేమో కూసోమంటిరి, పోలీసోల్లేమో లెవ్వమంటిరి. నా పానానికి ఏది మంచిదో ఎవ్వడు అడగకపాయె."

నాకు నవ్వు ఆగిపోయింది. పోలీసులకు కబురు పెట్టింది ఎవరో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దొర గది తలుపు పది అడుగుల దూరంలో ఉంది.

మర్నాడు నేరుగా దొర గదికి పోయాను. నాలుగు మాటలు కడిగేద్దామనే పోయాను, దారి పొడుగునా ఆ మాటలు పళ్ల కింద నములుకుంటూ పోయాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ల చెప్పులు విప్పాను. ఎందుకు విప్పాను? ఆ ఇంట్లో చెప్పులు లేకుండా ఎవరూ నడవొద్దని గోడ మీద బొగ్గుతో రాసింది నేనే. నోరు తెరిస్తే వచ్చిన మాట ఇది:

"దొరా, చిన్న మాట. తాత మిమ్ముల జూసి ఒక్కసారే లేస్తుండు. పడ్తడు. పడితే ఈడ ఉంచుకోరు. మీరు అచ్చినప్పుడు 'కూసో' అని ఒక్క మాటంటే సాలు, ఇనుకుంటడు."

దొర పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నేనేమన్న వాన్ని లెవ్వమన్ననా?"

"అనలే దొరా."

"మరి కూసోమని నేనెందుకంట? ఊళ్లె కూసోమన్నోల్లు ఉండిరి గద. వాళ్లనే పిలిపియ్యి, అచ్చి చెప్తరు."

"సరే దొరా" అని వచ్చేశాను. సరే అట! ఏది సరే? పోలీసులతో వాదులాడిన నోరు అక్కడ చచ్చిపోయింది. ఆ రోజు బస్సులో కోరుట్ల దాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

పెద్దసారు దగ్గర ఏడిస్తే లాభం లేదు, బోరు నీళ్లు తాగే మనిషి. దొర మారడు. ఇక తాత కాళ్లకే నేర్పాలి. ఒక ఉపాయం దొరికింది. చెప్పుల చప్పుడు వినబడగానే పరుగెత్తుకుపోయి తాత పక్కన కూర్చుని, ఆయన కుడి మోకాలి మీద నా అరచెయ్యి గట్టిగా ఆనించేదాన్ని.

"నా శెయ్యి ఉన్నంతసేపు లెవ్వద్దు తాతా. శెయ్యి తీసినంకనే లెవ్వాలె. సరేనా?"

"సరే బిడ్డా."

మొదటి వారం ఆ మోకాలు నా చేతి కింద గజగజ వణికేది. దొర ఎదురుగా వస్తుంటే తాత తొడలు పైకి ఎగదన్నేవి, నేను బలమంతా పెట్టి నొక్కేదాన్ని. రెండో వారానికి వణుకు తగ్గింది. తువ్వాల మాత్రం తీసి చంకలో పెట్టుకునేవాడు, దాన్ని ఆయనకు వదిలేశాను. మూడో వారంలో దొర ముందు నుంచి నడిచిపోయాడు, తాత కూర్చునే ఉన్నాడు. దొర ఆగి చూశాడు. మొదటిసారి ఆగి చూశాడు! తాత తల దించుకుని నా చేతిని చూసుకుంటున్నాడు. చెప్పులు కిర్రుమంటూ దూరమయ్యాక ఆయన మెల్లగా అన్నాడు.

"పొయ్యిండా?"

"పొయ్యిండు."

"కూసున్ననా?"

"కూసునే ఉన్నవ్ తాతా!"

ఎనభై ఏళ్ల ముసలాయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. వంటామెను పిలిచి ఇద్దరికీ చాయ్ పెట్టించాను. గెలిచామనుకున్నాను.

అది జరిగిన నాలుగో రోజు. మధ్యాహ్నం నేను వరండాలో కింద కూర్చుని తాత కాలిగోళ్లు తీస్తున్నాను. ఆయన ఎడమ పాదం నా ఒళ్లో ఉంది. ఒక చేతిలో గోళ్ల కత్తెర, రెండో చెయ్యి అలవాటుగా కుడి మోకాలి మీద. ఎదురుగా గేటు తెరుచుకుని పెద్దసారు వచ్చాడు. ఆయనతో మాట్లాడుతూ పక్కనే దొర. ఇద్దరూ బయటి నుంచి వస్తారని నేను అనుకోలేదు. కిర్రుమన్న చప్పుడు తాత విన్నాడు, లేవలేదు. నా చెయ్యి ఉంది గనక లేవలేదు.

నేను లేచాను.

ఎవరూ లేవమనలేదు. ఆలోచించి లేవలేదు. చిన్నప్పుడు మా అమ్మ బీడీల గంప పట్టుకుని, వాటిని కొనే ఠేకేదారు ముందు నిలబడితే, ఆమె కొంగు పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. ఆయన ఒక్కో కట్టా విప్పి చూసి, నచ్చనివి కాలితో తోసేదాకా కదలకుండా నిలబడేవాళ్లం. ఆ నిలబడటమే నా కాళ్లలో దాక్కుని ఉన్నట్టుంది. పాదం ఒళ్లోంచి జారిపోయింది, చెయ్యి మోకాలి మీద నుంచి లేచిపోయింది, కత్తెర కింద పడింది, నేను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను.

తాతకు నేను నేర్పింది ఏమిటి? చెయ్యి తీసినంకనే లేవాలని. చెయ్యి తీశాను. ఆయన లేచాడు.

నేను తిరిగి చూసేసరికి కుడి పక్కకు పడిపోయి ఉన్నాడు. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎండు కట్టె విరిగినంత చప్పుడు వచ్చింది, అంతే. తువ్వాల చంకలోనే ఉంది.

డాక్టరు వచ్చి తుంటి విరిగిందన్నాడు. పెద్దసారు నా మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు పక్కన ఉండంగనే పడ్డడా? మరి నీ పనేంది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మంచం మీది నుంచి తాత అన్నాడు. "బిడ్డను అనకుండ్రి సారు. నా కాలే జారింది."

ఆశ్రమంలో ఎవరు పడినా ఎట్లా పడ్డారో రాయటానికి ఒక పుస్తకం ఉండేది, దాన్ని పెట్టించింది కూడా నేనే. అందులో నా చేతులతో 'కాలు జారి' అని రాశాను. పెద్దసారు రాయమనలేదు, దొర రాయమనలేదు. పొడి నేల మీద, నేను కట్టిన తాడు పక్కన కాలు జారిందట. కమిటీలో చదివినవాళ్లు నమ్మారు. అబద్ధమాడటం తెలియక ఒకసారి మోకాలు విరగ్గొట్టించుకున్న మనిషి, చివరికి నా కోసం అబద్ధమాడాడు. దొర మీద నాకు కోపం ఉంది, పెద్దసారు మీద ఉంది, ఆ మోకాలు విరగ్గొట్టినవాళ్ల మీద ఉంది. అవన్నీ కలిపినా నా మీద నాకున్న అసహ్యమంత కాదు.

నియమం నియమమే అన్నారు. మూడో రోజు ఎల్లారెడ్డిపేట నుంచి తాత అన్నకొడుకు అద్దె జీపు తీసుకుని వచ్చాడు. చెడ్డవాడేం కాదు. నా మొహం చూడకుండా, "ఇంట్ల జాగ లేదక్కా. కొట్టంల ఎడ్ల పక్కపొంటి మంచమేసిన" అన్నాడు. జీపు వెనక బొంత పరిచి, నలుగురం పట్టి తాతను పడుకోబెట్టాం. కదిలినప్పుడల్లా ఆయన పళ్లు బిగించాడు తప్ప అరవలేదు. సిరిసిల్ల మీదుగా ఎల్లారెడ్డిపేట దాకా అంతా గుంతల రోడ్డే. నేను జీపు వెనక నిలబడి బొంత సర్దుతున్నాను.

అప్పుడు వరండాలోంచి కిర్రుమని చప్పుడు వచ్చింది. మెట్లు దిగి జీపు దాకా వచ్చింది.

తాత రెండు మోచేతులూ బొంత మీద ఆనించి పైకి లేవబోయాడు. విరిగిన తుంటితో. మొహం నల్లబడిపోయింది, నుదుటి నిండా చెమట పట్టింది, మెడ మాత్రం పైకి లేచింది. నా చెయ్యి దానంతట అదే పోయి ఆయన కుడి మోకాలి మీద పడింది.

దొర చూశాడు.

"కూసో" అన్నాడు. "కూసోరా."

ఆ రోజు గుమ్మం దగ్గర నేను అడుక్కున్న మాట అదే. తాత పడుకునే దొరకు దండం పెట్టాడు. ఆయన కాళ్లు మాత్రం ఆ మాట వినలేదు. నా అరచేతి కింద మోకాలు మొదటి రోజు వణికినట్టే వణుకుతోంది. తాత తల నా వైపు తిప్పి, నాకు ఒక్కదానికే వినబడేట్టు అన్నాడు.

"శెయ్యి తియ్యకు బిడ్డా."

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. తియ్యక తప్పలేదు.